హైదరాబాద్ రోడ్ల మీద ఎం4ను ఎంత దించొచ్చు? ఎత్తు మార్చుకునే స్ప్రింగ్‌లతో ఒక కేస్ స్టడీ

కారు 2016 మోడల్ బీఎండబ్ల్యూ ఎం4 కూపే, బాడీ కోడ్ ఎఫ్82. మూడు లీటర్ల ఆరు సిలిండర్ల ట్విన్ టర్బో ఇంజన్, 431 హార్స్‌పవర్, 550 న్యూటన్ మీటర్ల టార్క్. 19 అంగుళాల వీల్స్ మీద ముందు 255/35, వెనక 275/35 టైర్లు. ఎలక్ట్రానిక్ డ్యాంపర్లు, అంటే గట్టిదనం మార్చుకునే షాక్ అబ్జార్బర్లు, ఉన్నాయి. కంఫర్ట్, స్పోర్ట్, స్పోర్ట్ ప్లస్ అని మూడు మోడ్‌లు. ఓనర్ ఇల్లు జూబ్లీహిల్స్‌లో, ఆఫీసు శంషాబాద్ వైపు. ఆదివారాలు బయటికి తీసి తుడిచి పెట్టుకునే కారు కాదిది, వారంలో సగం రోజులు ఇందులోనే తిరుగుతాడు. కేసు మొత్తం ఆ ఒక్క విషయం చుట్టూనే తిరిగింది.

అడిగింది చాలా సూటిగా అడిగాడు. "అన్నా, ముందు టైర్‌కీ ఫెండర్‌కీ మధ్య మూడు వేళ్లు పడుతున్నాయి. ఒక్క వేలు పట్టేలా చెయ్. ఫొటోల్లో జీపులా కనిపిస్తోంది." నేను పెట్టి చూస్తే నా మూడు వేళ్లు పట్టలేదు, అతనివి పట్టాయి. నా మూడు వేళ్ల మందం 54 మి.మీ., అక్కడున్న గ్యాప్ 44. వేళ్లతో కొలిస్తే వచ్చే తంటా ఇదే. మా వర్క్‌షాప్‌లో కొలత ఎప్పుడూ వీల్ మధ్య నుంచి ఫెండర్ (టైర్ పైనుండే బాడీ రేకు) అంచు వరకే. టైర్ అరిగినా, గాలి తగ్గినా ఆ కొలత మారదు. ఈ కారులో ముందు 374 మి.మీ., వెనక 368 వచ్చాయి. మూడు వేళ్ల నుంచి ఒక వేలికి రావాలంటే ముందు 30 నుంచి 35 మి.మీ. దించాలి. అతను అడిగింది అదీ.

ఇక్కడే చెప్పేస్తాను, 35 చేయలేదు. ముందు 20, వెనక 14 దించాం. ఆ అంకెలు ఎక్కడి నుంచి వచ్చాయో చెప్పడానికే ఇదంతా రాస్తున్నాను. ఎందుకంటే లోయరింగ్ గురించి మన దగ్గర జరిగే మాటల్లో తొంభై పాళ్లు గ్యాప్ గురించే ఉంటాయి. బంప్ స్టాప్‌ను, అంటే సస్పెన్షన్ చివరిదాకా నొక్కుకుపోకుండా ఆపే రబ్బరు ముక్కను, తాకడానికి ముందు సస్పెన్షన్‌కు ఎంత ఖాళీ మిగులుతుందన్నది ఎవరూ అడగరు.

కాయిలోవర్ ఎందుకు కాదు, స్ప్రింగ్ కటింగ్ ఎందుకు కాదు

కారును దించడానికి దారులు కొన్నే. అన్నిటికంటే చవకది ఉన్న స్ప్రింగ్‌ను గ్రైండర్‌తో ఒక చుట్టు కోసేయడం. పాత హ్యాచ్‌బ్యాక్‌ల మీద ఇప్పటికీ చేయించుకుంటున్నారు. చుట్టు తగ్గితే స్ప్రింగ్ కొంచెం గట్టిపడుతుంది, నిజమే. కానీ ఎంత దిగిందో అంత గట్టిపడదు. చివరి చుట్టు కూర్చునే ఆకారం పోతుంది కాబట్టి సీటులో సరిగ్గా కూర్చోదు. వీల్ గాల్లో వేలాడినప్పుడు స్ప్రింగ్ వదులై సీటు నుంచి జారే ప్రమాదం కూడా ఉంది. ఎం4కి ఈ మాట ఎత్తే పనే లేదు గానీ, అడిగేవాళ్లు అడుగుతూనే ఉంటారు.

రెండోది మామూలు లోయరింగ్ స్ప్రింగ్. ఫ్యాక్టరీ స్ప్రింగ్ తీసి పొట్టిది వేయడం. బాగానే ఉంటుంది, కానీ ఎంత దిగితే అంతే. 25 దిగుతుందని రాసి ఉంటే మీ రోడ్డుకు 18 కావాలన్నా కుదరదు.

మూడోది పూర్తి కాయిలోవర్ సెట్, డ్యాంపర్ స్ప్రింగ్ రెండూ మార్చేది. ట్రాక్‌కు పోయేవాళ్లకు అదే సరైనది. కానీ ఈ కారులో ఫ్యాక్టరీ డ్యాంపర్లు ఎలక్ట్రానిక్‌వి. మామూలు కాయిలోవర్ వేస్తే మోడ్ బటన్ ఉత్త అలంకారంగా మిగులుతుంది, డాష్‌బోర్డ్ మీద వార్నింగ్ లైట్ వెలగకుండా విడిగా ఒక మాడ్యూల్ పెట్టాలి. ఎలక్ట్రానిక్ కాయిలోవర్లు ఉన్నాయి గానీ ఖర్చు బాగా ఎక్కువ.

నాలుగోది మేం ఎంచుకున్నది. ఫ్యాక్టరీ డ్యాంపర్ అలాగే ఉంటుంది. దాని మీద మరలు తీసిన అల్యూమినియం కాలర్ కూర్చుంటుంది, ఆ కాలర్ మీద కొత్త స్ప్రింగ్. కాలర్ తిప్పితే స్ప్రింగ్ కూర్చునే చోటు పైకీ కిందికీ కదులుతుంది. జర్మనీలో కేడబ్ల్యూ, హెచ్ అండ్ ఆర్, ఐబాక్ లాంటి సస్పెన్షన్ కంపెనీల పుణ్యమా అని ఈ రంగంలో ఎంపికకు కొదవ లేదు. మేం ఏది వాడామో చెప్పను, ఇది ప్రకటన కాదు.

ఈ పద్ధతి నప్పడానికి డ్యాంపింగ్ లెక్క ఒకటి చూసుకోవాలి. స్ప్రింగ్ గట్టిపడితే డ్యాంపర్ పట్టు కూడా పెరగాలి, లేకపోతే కారు జంప్ తర్వాత ఊగుతూనే ఉంటుంది. కాకపోతే ఆ పెరుగుదల వర్గమూలంలో ఉంటుంది. స్ప్రింగ్ 10 శాతం గట్టిపడితే డ్యాంపింగ్ 5 శాతం పెరిగితే చాలు. ఆ మేరకు ఫ్యాక్టరీ డ్యాంపర్ దగ్గర మిగులు ఉంటుంది. 50 శాతం గట్టిపడితే 22 శాతం కావాలి, అది దాని వల్ల కాదు. అందుకే ఇలాంటి కిట్‌లలో స్ప్రింగ్‌లు మరీ గట్టిగా ఉండవు. "ఇంకా గట్టి స్ప్రింగ్ వేద్దాం, రేస్ కారులా ఉంటుంది" అని ఎవరైనా అంటే డ్యాంపర్ కూడా మార్చే బడ్జెట్ ఉందా అని అడగండి.

కేబుల్ టై, థర్మోకోల్

దించాల్సింది ఎంతో తేల్చడానికి ముందు కారును ఫ్యాక్టరీ ఎత్తులోనే కొలిచాం. పెద్ద పరికరాలేమీ లేవు. ముందు స్ట్రట్ (స్ప్రింగ్, డ్యాంపర్ కలిసున్న నిలువు భాగం) మీది డస్ట్ బూట్ (దుమ్ము ఆపే తొడుగు) పైకి జరిపి డ్యాంపర్ రాడ్ చుట్టూ సన్నటి కేబుల్ టై బిగించాం. మరీ బిగువుగా కాదు, వేలితో నెడితే కదిలేలా. సస్పెన్షన్ నొక్కుకున్నప్పుడు డ్యాంపర్ పైభాగం ఆ టైని రాడ్ మీద పైకి నెట్టుకుంటూ పోతుంది, తిరిగి వచ్చేటప్పుడు అక్కడే వదిలేస్తుంది. తర్వాత స్కేలుతో కొలిస్తే ఆ దారిలో పడిన అతి పెద్ద దెబ్బ ఎంతో తెలుస్తుంది.

డ్రైవర్ సీట్లో మనిషి ఉండగా, కారు నిలబడి ఉన్నప్పుడు బంప్ స్టాప్ తాకడానికి ముందు రాడ్ మీద 36 మి.మీ. ఖాళీ ఉంది. ఇది ముందు వైపు లెక్క. మాక్‌ఫర్సన్ స్ట్రట్ (డ్యాంపర్ నేరుగా వీల్‌ను పట్టుకునే భాగానికే బిగించి ఉండే రకం) కాబట్టి వీల్ ఎంత కదిలితే డ్యాంపర్ దాదాపు అంతే కదులుతుంది. మాక్‌ఫర్సన్‌తో సుఖం ఏంటంటే లెక్కలు తేలిక.

తర్వాత ఓనర్ రోజూ పోయే దారులను ముక్కలుగా చేసి విడివిడిగా తిప్పాం. పీవీ నరసింహారావు ఎక్స్‌ప్రెస్‌వే మాకు ఈ పనికి దొరికిన వరం. మెహదీపట్నం నుంచి ఆరాంఘర్ దాకా 11.6 కిలోమీటర్ల ఫ్లైఓవర్, పొడవునా ఎక్స్‌పాన్షన్ జాయింట్లు, అంటే వంతెన ముక్కల మధ్య అతుకులు. ఒకే రకం దెబ్బ, మళ్లీ మళ్లీ. అక్కడ టై 11, 12 మి.మీ. దగ్గర ఆగింది. కాలనీ లోపలి గుంతల రోడ్డు మీద 31 దాకా పోయింది. అతని వీధి చివర ఎవరో సిమెంట్‌తో పోసిన స్పీడ్ బ్రేకర్ ఒకటుంది, దాన్ని మామూలు వేగంలో ఎక్కి దిగితే 44. అంటే 36 ఖాళీ అయిపోయి బంప్ స్టాప్‌లోకి 8 మి.మీ. పోయింది. ఇదంతా ఇంకా దించని కారులో.

ఇప్పుడు 35 దించితే ఏమవుతుందో చూడండి. 36లో 35 పోతే మిగిలేది ఒక్క మిల్లీమీటరు. ఫ్లైఓవర్ మీద ప్రతి జాయింట్‌కూ కారు బంప్ స్టాప్ మీద కూర్చుని లేస్తుంది. స్ప్రింగ్ పేరుకు ఉంటుంది, పని చేసేది రబ్బరు ముక్క. బంప్ స్టాప్ నలిగే కొద్దీ ఒక్కసారిగా గట్టిపడుతుంది, అలాంటి చోట డ్యాంపర్ ఎంత తెలివైనదైనా చేయగలిగింది లేదు. మలుపులో ముందు టైర్ బంప్ స్టాప్ మీదికి వస్తే ఆ చివర పట్టు హఠాత్తుగా పోతుంది కూడా. ఓనర్‌కు కేబుల్ టై చూపించి ఇది చెబితే కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "మరి వాళ్లంతా ఎలా తిరుగుతున్నారన్నా?" అన్నాడు. నడుం పట్టేసుకుని తిరుగుతున్నారు తమ్ముడూ అన్నాను.

మేం పెట్టుకున్న నియమం ఇది: రోజూ వందలసార్లు తగిలే దెబ్బ ఖాళీలోనే ఇమడాలి, ఎప్పుడో ఒకసారి తగిలేదాన్ని బంప్ స్టాప్ చూసుకుంటుంది. జాయింట్లకు 12 కావాలి. బ్రేక్ కొట్టినప్పుడు ముక్కు కొంచెం కిందికి వంగుతుంది కాబట్టి ఇంకో నాలుగైనా చేతిలో ఉండాలి. 16. అంటే 20 దించొచ్చు. కొత్త స్ప్రింగ్ కొంచెం గట్టిది కాబట్టి నిజంగా వాడే కదలిక ఇంకాస్త తగ్గుతుంది, అది మా లాభంలో వేసుకున్నాం. ఫ్యాక్టరీ బంప్ స్టాప్‌ను కోయలేదు. ఈ కారులో అది సస్పెన్షన్‌లో భాగం. పైగా కోసేస్తే టైర్ ఫెండర్ లైనర్‌ను తాకే దాకా పోతుంది.

రెండో పరీక్ష నేలకు సంబంధించింది. ముందు బంపర్ లిప్ (కింది అంచు) కింద 20 మి.మీ. మందం థర్మోకోల్ ముక్కలు ఒక వైపు, 35 మి.మీ. ముక్కలు ఇంకో వైపు డబుల్ సైడ్ టేప్‌తో అంటించాం. కారును దించకుండానే దించినట్టు అన్నమాట. అతని అపార్ట్‌మెంట్ సెల్లార్ ర్యాంప్ దిగి ఎక్కితే 35 ముక్కలు నుజ్జయి ఊడిపోయాయి. 20 ముక్కల్లో ఒకదాని అంచు మాత్రం గీసుకుంది, అదీ ర్యాంప్‌ను నేరుగా ఎక్కినప్పుడు. కొంచెం ఏటవాలుగా ఎక్కితే అదీ లేదు. పది రూపాయల థర్మోకోల్‌తో పోయేదాన్ని బంపర్‌తో ఎందుకు తెలుసుకోవాలి?

కారు మధ్యలో పొట్ట కింద 120 మి.మీ. దాకా ఉంది. ఇక్కడ ఒక లెక్క చాలామందికి ఆశ్చర్యంగా ఉంటుంది. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ చెప్పిన స్పీడ్ బ్రేకర్ 3.7 మీటర్ల వెడల్పు, 10 సెంటీమీటర్ల ఎత్తు, 17 మీటర్ల వ్యాసార్థం ఉన్న గుండ్రటి మూపు. ఎం4 వీల్‌బేస్, అంటే ముందు వెనక వీల్స్ మధ్య దూరం, 2,812 మి.మీ. అలాంటి మూపు సరిగ్గా కారు మధ్యకు వచ్చినప్పుడు ముందు వెనక వీల్స్ కూడా దాని మీదే ఉంటాయి. అందుకని పొట్ట కింద తగ్గేది 100 కాదు, సుమారు 58 మాత్రమే. ఇంకో 20 దించినా నలభై దాకా మిగులుతుంది. అంటే ప్రమాణం ప్రకారం కట్టిన స్పీడ్ బ్రేకర్ స్పోర్ట్స్ కారుకు శత్రువు కాదు. కాలనీవాళ్లు చందాలు వేసుకుని పోయించుకున్న ఇరుకైన గట్టు శత్రువు. అది రెండు వీల్స్ మధ్యన పూర్తిగా ఇరుక్కుంటుంది కాబట్టి దాని ఎత్తంతా పొట్ట కిందే పడుతుంది. పన్నెండు సెంటీమీటర్ల గట్టుకు ఫ్యాక్టరీ ఎత్తులో ఉన్న కారు కూడా గీసుకోవాల్సిందే. వీధి చివర ఉన్నది అలాంటిదే. అతను ఇప్పుడు పక్క వీధిలోంచి పోతున్నాడు.

బిగించడం

ఈ భాగం గురించి ఎక్కువ చెప్పను, సర్వీస్ మాన్యువల్ ఉన్నవాడికి కొత్తేమీ కాదు. తెలిసినవాళ్లు కూడా తొందరలో వదిలేసేవి మాత్రం కొన్ని.

ముందు స్ట్రట్ తీయాలంటే బానెట్ కింద ఉన్న కార్బన్ ఫైబర్ స్ట్రట్ బ్రేస్ విప్పాలి. చేత్తో పట్టుకుంటే ఏమీ లేనట్టుంటుంది, ఒకటిన్నర కిలో. దాన్ని తీసి ఎవరూ కాలు పెట్టని చోట పెట్టండి, మా వర్క్‌షాప్‌లో అయితే ఆఫీసు గదిలోని బీరువా మీద పెడతాం. డ్యాంపర్ వైర్ కనెక్టర్ తీశాక ఇగ్నిషన్ ఆన్ చేయొద్దు, ఫాల్ట్ కోడ్ పడుతుంది. స్ట్రట్ కింది చివర నకుల్‌లో, అంటే వీల్‌ను పట్టుకునే భాగంలో, దూరి ఒక బోల్టుతో బిగుసుకుని ఉంటుంది. సుత్తితో కొట్టి దించే పని పెట్టుకోకుండా చీలికలో స్ప్రెడర్ పెట్టి పావు వంతు తిప్పితే చాలు, బరువుకు అదే జారుతుంది. వీల్‌తో పాటు బ్రేక్ గొట్టం వేలాడకుండా చూసుకోవాలి.

స్ప్రింగ్ కంప్రెసర్ దగ్గర మాత్రం కుర్రాళ్లను ఒంటరిగా వదలను. నొక్కిపెట్టిన స్ప్రింగ్ జారితే ఏమవుతుందో ఈ పనిలో ఉన్న అందరికీ తెలుసు.

వెనక వైపు పని వేరు. ఈ బాడీలో వెనక స్ప్రింగ్, డ్యాంపర్ విడివిడిగా ఉంటాయి. స్ప్రింగ్ వీల్‌కు దగ్గరగా కాకుండా కాస్త లోపలికి, ఆర్మ్ (వీల్‌ను బాడీకి కలిపే చేయి) మీద కూర్చుంటుంది. అందువల్ల అడ్జస్టర్‌ను 10 మి.మీ. తిప్పితే కారు 10 దిగదు, మా కొలతలో 16 దిగింది. ముందు వైపు అలవాటుతో వెనక కూడా అంతే తిప్పితే తోక నేలకు కూర్చుంటుంది. ఇదే నిష్పత్తి స్ప్రింగ్ గట్టిదనానికి వర్గంలో వర్తిస్తుంది, అంటే వీల్ దగ్గర తెలిసే గట్టిదనం స్ప్రింగ్ మీద రాసి ఉన్నదాంట్లో 40 శాతం లోపే. వెనక స్ప్రింగ్ మీద అంకె పెద్దగా కనిపించిందని కంగారు పడక్కర్లేదు.

కాలర్ గురించి ఒక అపోహ బాగా ప్రచారంలో ఉంది. కాలర్ పైకి తిప్పితే స్ప్రింగ్ గట్టిపడుతుందని, కిందికి తిప్పితే మెత్తబడుతుందని. కాదు. స్ప్రింగ్ మోసేది కారు బరువు. ఆ బరువు మారనంత వరకు స్ప్రింగ్ అంతే నొక్కుకుని ఉంటుంది, కాలర్ తిప్పితే కారు మొత్తం పైకో కిందికో పోతుంది, అంతే. దించాక గట్టిగా అనిపించేది బంప్ స్టాప్ దగ్గరికి రావడం వల్ల.

రబ్బరు బుష్ (కీలు దగ్గరి రబ్బరు గొట్టం) ఉన్న ప్రతి బోల్టూ కారు తన బరువు మీద నిలబడి ఉన్నప్పుడే చివరిగా బిగించాలి. వీల్స్ వేలాడుతుండగా బిగిస్తే బుష్ ఆ స్థానంలో అతుక్కుని, కిందికి దించగానే మెలిపడి ఉండిపోతుంది. ఎత్తు కొలతలు తప్పుగా వస్తాయి, బుష్ కొన్నాళ్లకే చీలుతుంది. ఎం4లో చాలా చోట్ల రబ్బరు బదులు బాల్ జాయింట్లు ఉన్నాయి గానీ, ఉన్న కాసిన్ని బుష్‌లకైనా ఇది తప్పదు.

ఎత్తులు సమానం, బరువులు కాదు

నాకు ఈ కేసులో అన్నిటికంటే ఇష్టమైన భాగం ఇది. మామూలుగా చాలాచోట్ల పని నాలుగు వైపులా ఎత్తు కొలిచి సమానం చేయడంతో ఆగిపోతుంది. ఎత్తు మార్చుకునే స్ప్రింగ్‌ల విషయంలో అలా ఆగితే మామూలు లోయరింగ్ స్ప్రింగ్ కంటే నష్టమే ఎక్కువ. ఎందుకంటే మామూలు స్ప్రింగ్‌లో తప్పు చేయడానికి మనకు మరలు ఇవ్వరు.

పని మొదలుపెట్టక ముందే నాలుగు వీల్స్ కింద తూకపు స్కేల్స్ పెట్టి తూచాం. సగం ట్యాంక్ పెట్రోల్, డ్రైవర్ సీట్లో 75 కిలోల ఇసుక బస్తాలు. ముందు ఎడమ 420, ముందు కుడి 436, వెనక ఎడమ 384, వెనక కుడి 398. మొత్తం 1,638 కిలోలు. ఎదురెదురు మూలలు, ముందు ఎడమ, వెనక కుడి కలిపితే 818, అంటే 49.9 శాతం. ఇది 50కి ఎంత దగ్గరుంటే అంత మంచిది. ఫ్యాక్టరీ నుంచి వచ్చిన కారు ఎంత చక్కగా ఉందో చూడండి.

కిట్ వేసి, ఫెండర్ అంచులు నాలుగూ మిల్లీమీటరు తేడా లేకుండా సమానం చేసి మళ్లీ తూచాం. 431, 425, 373, 409. ఎడమ వైపు మొత్తం మారలేదు, ముందు వైపు మొత్తం మారలేదు. మారేదీ కాదు, కాలర్ తిప్పితే బరువు ఎటూ పోదు. మారింది మూల నుంచి మూలకు ఉన్న పంపకం. 818 కాస్తా 840 అయింది, 51.3 శాతం. కుక్కి మంచం కోళ్లు నాలుగూ ఒకే ఎత్తులో కోసినా నేల ఎగుడుదిగుడైతే మంచం రెండు కోళ్ల మీదే నిలబడుతుంది చూడండి, అలాంటిదే. ఇక్కడ ఎగుడుదిగుడు ఫెండర్‌లది. బాడీ ప్యానెల్ అంచులు కుడి ఎడమల మధ్య రెండు మూడు మిల్లీమీటర్లు తేడా ఉండటం మామూలే, వాటిని నమ్మి సమానం చేస్తే స్ప్రింగ్‌లు అసమానం అవుతాయి. నడిపేవాడికి ఇది ఎలా తెలుస్తుందంటే, ఒక వైపు మలుపు తీయగా, ఇంకో వైపు మలుపు మొండిగా ఉంటుంది. గట్టిగా బ్రేక్ వేస్తే తేలికగా ఉన్న ముందు టైర్‌కు ఏబీఎస్ ముందే వచ్చేస్తుంది.

సరిచేయడానికి ముందు యాంటీ రోల్ బార్ (కుడి ఎడమ వీల్స్‌ను కలిపే కడ్డీ) లింక్ ఒక వైపు విప్పాం. అది బిగించి ఉంటే ఒక మూలను తిప్పినప్పుడు ఇంకో మూలను లాగుతుంది, స్కేల్ అబద్ధం చెబుతుంది. ముందు ఎడమను కొంచెం దించి, ముందు కుడిని కొంచెం లేపి, ప్రతిసారీ కారును ముందుకీ వెనక్కీ దొర్లించి సస్పెన్షన్ సర్దుకున్నాక తూచాం. చివరికి 422, 434, 382, 400. మూలల లెక్క 822, 50.2 శాతం. ముందు కుడి ఎడమల ఎత్తులో 3 మి.మీ. తేడా మిగిలింది. కంటికి తెలియదు. లింక్ బోల్టును తిరిగి పెడితే చేత్తో సాఫీగా దూరింది, అంటే బార్‌లో బిగువు లేదు.

ముందు 20, వెనక 14 ఎందుకన్న ప్రశ్న ఓనర్ కూడా వేశాడు. వెనక సీట్లో, డిక్కీలో బరువు పెరిగితే దిగేది వెనకే, దానికి కాస్త ఎక్కువ ఖాళీ కావాలి. వెనక 275 టైర్ కూడా ఫెండర్ లైనర్‌కు దగ్గర. స్ప్రింగ్ లేకుండా వీల్‌ను జాక్‌తో పైకెత్తి, బంప్ స్టాప్ నలిగే దాకా చూసి, ఎక్కడా తాకట్లేదని తేలాకే ఆ అంకె ఖాయం చేశాం.

35 వద్దనడానికి ఇంకో కారణం జామెట్రీలో ఉంది. మాక్‌ఫర్సన్ సస్పెన్షన్‌లో కారును దించితే గరిమనాభి దిగుతుంది, మంచిదే. కానీ రోల్ సెంటర్, అంటే మలుపులో బాడీ ఏ బిందువు చుట్టూ వాలుతుందో అది, అంతకంటే వేగంగా దిగుతుంది. ఆ రెండింటి మధ్య దూరమే మలుపులో బాడీని పక్కకు వంచే చేయి. కాబట్టి ఒక హద్దు దాటి దించితే, అదే స్ప్రింగ్‌తో కారు మలుపులో ఇంకా ఎక్కువ వాలుతుంది. నిలబడినప్పుడు రేస్ కారులా, తిరిగినప్పుడు పడవలా. కింది ఆర్మ్ ఎలా వాలి ఉందో లిఫ్ట్ కింద నిలబడి చూస్తే ఆ హద్దు అందాజుగా తెలుస్తుంది. ఈ కారు 20 దగ్గర ఆ హద్దుకు ఇవతలే ఉంది.

అలైన్‌మెంట్‌లో ముందు కాంబర్ (ఎదురుగా చూస్తే వీల్ వాలి ఉండే కోణం) మైనస్ 1 డిగ్రీ 5 మినిట్స్ నుంచి మైనస్ 1 డిగ్రీ 20 దాకా పెరిగింది, అలాగే ఉంచాం. స్ట్రట్ పైన లొకేటింగ్ పిన్ తీసేస్తే ఇంకాస్త కాంబర్ వస్తుంది గానీ, రోజూ తిరిగే కారుకు టైర్ లోపలి అంచు అరగడం తప్ప ఒరిగేది లేదు. వెనక మైనస్ 2 డిగ్రీలు దాటింది, ఎక్సెంట్రిక్ బోల్ట్‌తో మైనస్ 1 డిగ్రీ 50కి తెచ్చాం. టో (పైనుంచి చూస్తే వీల్ లోపలికో బయటికో తిరిగి ఉండే కోణం) ముందూ వెనకా రెండూ మారాయి, ఫ్యాక్టరీ అంకెలకు సెట్ చేశాం. టైర్‌ను త్వరగా తినేది కాంబర్ కాదు, టో. దించాక అలైన్‌మెంట్ వచ్చే నెల చేయించుకుంటా అనేవాళ్లు ఈ వాక్యం రెండుసార్లు చదవండి.

హెడ్‌లైట్లు మరిచిపోయే వస్తువు. సస్పెన్షన్ ఆర్మ్‌కు తగిలించిన హైట్ సెన్సర్ ద్వారా లైట్ తన కోణం సరిచేసుకుంటుంది. కారు దిగితే దాని దృష్టిలో డిక్కీ నిండా బస్తాలు వేసినట్టే. కంపెనీ డయాగ్నస్టిక్ సాఫ్ట్‌వేర్ ఇస్టాతో కొత్త ఎత్తును సున్నాగా నేర్పించి, గోడ మీద బీమ్ చూశాం.

కాగితాల సంగతి

జర్మనీలో ఇలాంటి కిట్ పెట్టెలోనే ఒక ధ్రువపత్రం వస్తుంది. ఏ కారుకు, ఏ టైర్ సైజుతో, ఎంత వరకు దించొచ్చో అందులో ఉంటుంది. బిగించాక టూఫ్ లాంటి సంస్థ తనిఖీ చేసి ఆమోదిస్తుంది. మన దగ్గర విడిభాగానికి అలాంటి దారి లేదు. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం తయారీదారు ఇచ్చిన వివరాలకు, ఆర్‌సీలోని వివరాలకు తేడా వచ్చేలా మార్పులు చేయకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు దాన్ని గట్టిగా చెప్పింది. ఆర్‌సీలో వీల్‌బేస్, బరువు, రంగు, ఇంజన్ వివరాలు ఉంటాయి, ఫెండర్ ఎత్తు గడి ఉండదు. అలాగని ఇది నిక్షేపంగా చెల్లుతుందని నేను కాగితం రాసివ్వను. ఇన్సూరెన్స్ కంపెనీకి ముందే రాతపూర్వకంగా చెప్పమంటాను. ఫ్యాక్టరీ స్ప్రింగ్‌లను పేరు రాసి కవర్‌లో చుట్టి ఓనర్‌కే ఇచ్చేస్తాం, ఈ కిట్ మంచితనం అదే, ఏ రోజైనా వెనక్కి తిప్పొచ్చు.

రోడ్డు మీద

మళ్లీ అదే ఎక్స్‌ప్రెస్‌వే, మళ్లీ అదే కేబుల్ టై. ఈసారి జాయింట్ల మీద 11 మి.మీ. దగ్గర ఆగింది, 16 ఖాళీలో ఇంకా 5 మిగిలింది. కంఫర్ట్ మోడ్‌లో జాయింట్ చప్పుడు వినిపిస్తోంది గానీ నడుముకు తెలియడం లేదు. ఔటర్ రింగ్ రోడ్డు మీద లోపలి లేన్లలో అనుమతి ఉన్న 120 వేగంలో లేన్ మారినప్పుడు ముందు కంటే ముక్కు త్వరగా తిరుగుతోంది, సర్దుకోవడం కూడా ఒక్క కదలికలో అయిపోతోంది. స్పోర్ట్ ప్లస్ మాత్రం సిటీలో వాడొద్దని చెప్పాం. ముందు కూడా వాడాల్సింది కాదనుకోండి.

గ్యాప్ ఒకటిన్నర వేలు వచ్చింది. అతని వేలే. లిఫ్ట్ దించగానే కారు చుట్టూ రెండుసార్లు తిరిగి, "ఇంకొంచెం దిగుంటే బాగుండేదన్నా" అన్నాడు. ఇంటికి వెళ్లాక సెల్లార్ ర్యాంప్ వీడియో పంపాడు, గీసుకోకుండా ఎక్కింది. తర్వాత ఆ మాట మళ్లీ ఎత్తలేదు.

కొత్త స్ప్రింగ్ వాడకంలో పడ్డాక కొంచెం కూర్చుంటుంది, అది ముందే లెక్కలో ఉండాలి. రీచెక్‌కు వచ్చినప్పుడు ముందు 2 మి.మీ. దిగి ఉంది. అందుకే మొదటి రోజు కాలర్‌ను 18 దగ్గర వదిలాం. స్కేల్స్ మీద మళ్లీ పెట్టాం, మూలల లెక్క కదల్లేదు, అలైన్‌మెంట్‌లో టో ఒక్కటి కాస్త సర్దాం. వర్షాకాలం అయ్యాక మళ్లీ రమ్మన్నాం. మన రోడ్ల బురద కాలర్ మరల్లో దూరి ఎండితే సిమెంట్‌లా అవుతుంది, తర్వాత పానా వేస్తే కదలదు. మెత్తటి నైలాన్ బ్రష్, నీళ్లు, ఆరాక పొడి లూబ్రికెంట్ స్ప్రే. గ్రీజు రాయొద్దు, దుమ్మును పట్టి ఉంచుతుంది. వైర్ బ్రష్ అల్యూమినియం మరను తినేస్తుంది. కాలర్ లాక్ స్క్రూను బలమంతా పెట్టి బిగించొద్దు, చిన్న అలెన్ కీ రెండు వేళ్లతో ఎంత తిరిగితే అంతే.

ఇప్పుడు చెన్నై దగ్గర ఇరుంగాట్టుకోట్టై ట్రాక్‌కు పోవాలంటున్నాడు. ఆ ఒక్క రోజుకు ఇంకో 10 దించొచ్చా అని ఫోన్ చేశాడు. కాలర్ తిప్పడం అరగంట పని. కానీ ఆ తర్వాత స్కేల్స్, అలైన్‌మెంట్, హెడ్‌లైట్లు మొదటి నుంచీ చేయాలి, తిరిగొచ్చాక మళ్లీ అన్నీ. పైగా ట్రాక్ మీద అతనికి కావాల్సింది ఎత్తు కాదు, ముందు కాంబర్, మంచి బ్రేక్ ప్యాడ్‌లు, ఇంకా మరిగే ఉష్ణోగ్రత ఎక్కువున్న బ్రేక్ ఫ్లూయిడ్. ఎత్తు ఇలాగే ఉంచి వాటికి కొటేషన్ పంపాను.